చూసినవాళ్ళే గవాహీ ఇవ్వాలి

సిఫారిష్ అనే మాటకు మన దగ్గర రెండు బతుకులున్నాయి. ఆఫీసుల్లో అది 'సిఫారసు' అయింది. అంటే ఎమ్మెల్యే లెటరు, పెద్దమనిషి ఫోను. ఇళ్ళలో మాత్రం ఇంకా సిఫారిష్‌గానే ఉంది. ఫలానా దర్జీ దగ్గర కుట్టించండి, ఫలానా హకీమ్ చెయ్యి మంచిది, ఫలానా సినిమా తప్పక చూడండి. మొదటిదాంట్లో చెప్పేవాడికి ఏదో ఒక ఫాయిదా ఉంటుంది. రెండోదాంట్లో ఏమీ ఉండదు. పైగా సినిమా బాగాలేకపోతే "టికెట్ పైసలు వాపస్ ఇవ్వు భాయ్" అని ఖాలా కొడుకు వచ్చే ఈద్ దాకా అందరి ముందూ అడుగుతూనే ఉంటాడు. అందుకే నాకు ఈ రెండో రకం మీదే భరోసా. పత్రికల్లో పనిచేస్తూ కూడా స్టార్ల లెక్క చూసి నేను చూసిన సినిమాలు తక్కువ, ఇంట్లోవాళ్ళు, దోస్తులు చెబితే చూసినవి ఎక్కువ.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్‌లో మూడు జిల్లాలయ్యాయి. మన రిష్తేదారీ లెక్కలో మాత్రం ఇంకా ఒకటే పాలమూరు. ఈ మూడు ఊళ్ళలో సినిమా కబురు ఒకప్పుడు ఎట్లా తిరిగేదో, ఇప్పుడు ఎట్లా తిరుగుతోందో గమనిస్తుంటే నాకు ఒక సంగతి తకలీఫ్ ఇస్తోంది. మన సిఫారిష్‌లలో సినిమా చూసినవాళ్ళ గొంతు తగ్గిపోతోంది, చూడనివాళ్ళ గొంతు పెరిగిపోతోంది.

ముందు పాత సంగతి. గద్వాలకు సినిమా కబురు రెండు దిక్కుల నుంచి వచ్చేది. ఒకటి తుంగభద్ర అవతల కర్నూలు నుంచి, రెండోది రాయచూరు నుంచి. కర్నూలులో కాలేజీ చదివే పిల్లలు తెలుగు సినిమా ఖబర్ తెస్తే, రాయచూరు చుట్టాలు హిందీ సినిమా ఖబర్ తెచ్చేవాళ్ళు. వనపర్తిలో ఆ పని రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ స్టూడెంట్లది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి చదువుకునేవాళ్ళు కదా, సెలవులకు ఇళ్ళకు పోయొస్తే చాలు, కొత్త పేర్లు పట్టుకొచ్చేవాళ్ళు. నాగర్‌కర్నూల్, అచ్చంపేట దిక్కు ఊళ్ళకు హైదరాబాద్ బస్సు ఒక దారి, బంబై, పూనా పనులకు పోయిన మన పాలమూరు లేబర్ ఇంకో దారి. పీర్ల పండుగకు ఊరికొచ్చిన మేస్త్రీ సంచిలో పిల్లలకు బట్టలుండేవి, నోట్లో చూసొచ్చిన సినిమా కథ ఉండేది.

షాదీ ఇళ్ళలో జుమగీల రాత్రి కలర్ టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చేవాళ్ళు. ఒక్క రాత్రికి మూడు క్యాసెట్లు. ఏ మూడు తేవాలన్నది చిన్న సవాల్ కాదు. ఒకటి బుజుర్గుల కోసం, 'మొఘలే ఆజమ్' లాంటిది. ఒకటి నౌజవాన్ల కోసం, ఫైటింగులున్నది. మూడోది ఆడవాళ్ళ ఫర్మాయిష్. 1982లో వచ్చిన 'నికాహ్' అట్లా ఎన్ని ఇళ్ళలో ఎన్నిసార్లు ఆడిందో! తలాక్ మీద తీసిన ఆ సినిమా గురించి మగవాళ్ళు దీవాన్‌ఖానాలో బహస్ చేసుకుంటుంటే, ఆడవాళ్ళు వంటింట్లో అంతకంటే పెద్ద బహస్ చేసేవాళ్ళు. అక్కడ మాట్లాడే ప్రతి మనిషీ సినిమా చూసిన మనిషే. ఆ బహస్‌కు విలువ అక్కడి నుంచే వచ్చింది.

'ది అంగ్రేజ్' సంగతి మీ అందరికీ తెలుసు. 2005లో వచ్చింది. పెద్ద హీరో లేడు. చార్మినార్ దగ్గర గప్పాలు కొట్టుకునే ఇస్మాయిల్ భాయ్, సలీమ్ ఫేకూ మాత్రం ఉన్నారు. అది సీడీల మీద, నోటి మాట మీద ఇంటింటికీ నడిచింది. మన దక్కనీ జుబాన్ తెర మీద వినిపిస్తే ఎట్లా ఉంటుందో చూడండి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. చెప్పినవాడు డైలాగులు కూడా అప్పజెప్పి చూపించేవాడు. చూశాడనడానికి అంతకంటే సబూత్ ఏం కావాలి?

ఇప్పుడు హాల్ చూడండి. పొద్దున ఫజర్ నుంచి రాత్రి పడుకునేదాకా ఫోన్‌లో సినిమాల మీద మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి. "ఈ సినిమా ప్రతి ఒక్కరూ చూడాలి" అని ఒకటి, "ఈ సినిమా మన మీద సాజిష్, ఎవరూ చూడొద్దు" అని ఒకటి. పంపినవాడిని "నువ్వు చూశావా భాయ్?" అని అడిగితే "లేదు, నాకూ ఎవరో పంపారు" అంటాడు. 2024 మార్చిలో 'రజాకార్' విడుదలైనప్పుడు నాకు తెలిసినవాళ్ళలో సగంమంది చూడమన్నారు, సగంమంది చూడొద్దన్నారు. అందులో నిజంగా చూసొచ్చినవాళ్ళను ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ గొడవ మాత్రం చాయ్ హోటళ్ళ దాకా వచ్చింది. పక్కపక్క దుకాణాలవాళ్ళు నాలుగు రోజులు ముఖాలు తిప్పుకున్నారు.

కోర్టులో గవాహ్‌ను మొట్టమొదట అడిగే ప్రశ్న "నువ్వు కళ్ళతో చూశావా?" అనే. విన్నాను అంటే వకీలు నవ్వుతాడు. మొహల్లాలో మాత్రం విన్నదే గవాహీ అయిపోయింది. సినిమా బాగుందనడం ఒక గవాహీ, బాగాలేదనడమూ గవాహీయే. ఇక ఒక సినిమా ఒక కౌమ్‌ను బద్నామ్ చేస్తోందనో, చరిత్ర నిజం చెబుతోందనో అనడం ఇంకా పెద్ద గవాహీ. దాని మీద పక్కింటివాళ్ళతో మన సలాం నమస్తేలు ఆధారపడి ఉన్నాయి.

నన్నడిగితే అట్లాంటి సినిమాకు జవాబు మెసేజ్‌లో లేదు, ఇంకో సినిమాలో ఉంది. ఉర్దూ మీడియంలో చదువుకుని డిగ్రీలో తెలుగు తీసుకున్నాను నేను. అక్కడి దోస్తులు పట్టుబట్టి 'మా భూమి' చూడమన్నారు. గౌతమ్ ఘోష్ తీసిన 1979 నాటి సినిమా. దొరల జుల్మ్, రైతుల పోరు, రజాకార్లు, పోలీస్ యాక్షన్ అన్నీ అందులో ఉన్నాయి. చూశాక తెలిసింది, దానికి మూలం 'జబ్ ఖేత్ జాగే' అని. కృషన్ చందర్ రాసిన ఉర్దూ నవల! స్కూల్లో మా ఉస్తాద్ తారీఫ్ చేసిన అదీబే. తెలంగాణ రైతు కథను ముందు ఉర్దూలో రాస్తే, దాన్ని ఒక బెంగాలీ తెలుగులో సినిమా తీశాడు. ఉర్దూ అంటే నిజాం జుబాన్, రజాకార్ల జుబాన్ అనుకునే పక్కింటి పిల్లాడికి ఈ ఒక్క సంగతి చెప్పి ఆ సినిమా చూపించండి. రజాకార్లను కలంతో ఎదిరించి 1948 ఆగస్టులో హత్యకు గురైన షోయబుల్లా ఖాన్ ఏ జుబాన్‌లో పత్రిక నడిపాడో కూడా చెప్పండి. 'ఇమ్రోజ్' ఉర్దూ దినపత్రిక.

అట్లాగే 'గర్మ్ హవా'. ఎం.ఎస్. సత్యు సినిమా. బల్‌రాజ్ సాహ్నీ అందులో ఆగ్రాలో జూతాల కార్ఖానా నడిపే సలీమ్ మీర్జా. దేశం రెండు ముక్కలయ్యాక ఒక్కొక్కరే సరిహద్దు దాటిపోతుంటే పోవాలా ఉండాలా అని నలిగిపోయే ఖాందాన్ కథ అది. 1948 తర్వాత కరాచీకి పోయిన మామూలు, చాచాలు మన ఎన్ని ఇళ్ళలో లేరు? నానీలు ఆ మాట ఎత్తితే చుప్ అయిపోయేవాళ్ళు. ఇంట్లో ఎవరూ చెప్పని ఆ కథ పిల్లలు ఇట్లాంటి సినిమాలో చూస్తే, తర్వాత వాళ్ళే వచ్చి సవాళ్ళు అడుగుతారు.

సిఫారిష్ చేయడానికీ ఒక సలీఖా ఉంది. మష్వరా ఒక అమానత్ అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఎవరికి చెబుతున్నామో చూసుకోవాలి. 'కేరాఫ్ కంచరపాలెం' నాకు ఇష్టమైన సినిమా. 2018లో స్టార్లెవరూ లేకుండా, చూసినవాళ్ళ మాట మీదే నడిచింది. నఖాబ్‌లో నుంచి కళ్ళు మాత్రమే కనిపించే సలీమాను గడ్డం ఇష్టపడే తీరు మరచిపోలేం. కానీ ఆ సలీమా బతకడానికి ఏం చేస్తుందో ముందుగా ఒక మాట చెప్పకుండా అమ్మీ ముందు, చిన్నపిల్లల ముందు ఆ సినిమా పెట్టడం సరికాదు. "చాలా బాగుంటుంది, కానీ ముందు మీరిద్దరూ చూడండి, తర్వాత పిల్లల సంగతి ఆలోచించండి" అని చెప్పేవాడే అసలు ఖైర్‌ఖ్వాహ్. ఈ ఒక్క 'కానీ' ఫార్వర్డ్ మెసేజ్‌లో ఉండదు.

అదే చిన్నపిల్లలకైతే నిశ్చింతగా చెప్పొచ్చు, మజీద్ మజీదీ తీసిన ఇరాన్ సినిమా 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'. చెల్లెలి జూతాలు పోగొట్టిన అలీ, ఒకే జతను ఇద్దరూ వంతులేసుకుని బడికి పోవడం. ఫార్సీ రాకపోయినా పర్వాలేదు, బీద ఇంటి హయా, అమ్మానాన్నల మీద ఫికర్ పిల్లలకు వాటంతట అవే అర్థమవుతాయి. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లాడికి 'ఇక్బాల్'. మాట్లాడలేని, వినలేని పల్లెటూరి ముస్లిం పిల్లాడు బౌలర్ అయిన కథ. తీసిన నగేష్ కుకునూర్ మన హైదరాబాద్‌లో పుట్టినవాడే. హోటల్ నడిపే ఇంటికి 'ఉస్తాద్ హోటల్'. దాదా దగ్గర బిర్యానీతో పాటు బతుకు నేర్చుకునే మనవడి కథ. దుబాయ్‌లోనో రియాద్‌లోనో కొడుకు ఉన్న అమ్మీకి మాత్రం నేను చెప్పేది ఒక్కటే, మలయాళంలో 2018లో వచ్చిన 'సుడానీ ఫ్రమ్ నైజీరియా'. ఎక్కడి నుంచో ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చి కాలు విరిగి మంచాన పడ్డ పరదేశీని మలప్పురం ముస్లిం తల్లులిద్దరు సొంత కొడుకులా చూసుకుంటారు. భాష తెలియదు, మజహబ్ తెలియదు, ఆకలి మాత్రం తెలుసు. తన కొడుకును కూడా అక్కడ ఎవరో ఒక తల్లి అట్లా చూసుకుంటోందని అమ్మీకి తసల్లీ దొరుకుతుంది.

ఇవన్నీ మనవాళ్ళు మనవాళ్ళకు చేసే సిఫారిష్‌లు. అక్కడే ఆగితే సగం పనే. 'బలగం' గుర్తుంది కదా, 2023 మార్చిలో వచ్చింది. వేణు యెల్దండి తీశాడు. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు. మా ఇంట్లో ఆ సినిమా పేరు మొదట చెప్పింది పక్కింటి వదిన. "అత్తమ్మను కూడా కూర్చోబెట్టండి" అని మరీ చెప్పింది. పిట్ట ముట్టడం, పదకొండో రోజు, ఈ తంతులేవీ అమ్మీకి తెలియవు. అయినా నల్లిబొక్క దగ్గర మొదలైన పంచాయితీ ఏళ్ళ తరబడి నడవడం చూసి నవ్వింది, చివర్లో ఏడ్చింది. "మన మామూల జియారత్ నాడు జరిగింది కూడా ఇదే కదరా, చాలీస్వాఁ దాకా మాటల్లేవు" అంది. మరునాడు పక్కింటికి పోయి వదినతో గంటసేపు ఆ సినిమా మీదే మాట్లాడింది. చావు ఇంట్లో మనుషులు ఎట్లా విడిపోతారో, ఎట్లా కలుస్తారో ఇద్దరూ చెప్పుకున్నారు. పదిహేనేళ్ళ పడోసీతనంలో వాళ్ళ ఇంటి దినాల గురించి అమ్మీ, మన జియారత్ గురించి వదిన అన్ని సవాళ్ళు అడుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు.

మరి మనం వాళ్ళకు ఏం చెప్పాం? ఆలోచిస్తే జవాబు సిగ్గుగా ఉంటుంది. మనల్ని టెర్రరిస్టులుగా చూపించిన సినిమాల మీద షికాయత్ మాత్రం చేస్తాం. మనల్ని మనుషులుగా చూపించిన సినిమా పేరు ఒక్కటైనా పక్కింటికి పంపం. 'సుడానీ'లోని ఆ తల్లులను మనం చూపించకపోతే, ఫోన్ తనకు తోచిన ముస్లింను వాళ్ళకు చూపిస్తుంది.

కొందరు బుజుర్గులు అంటారు, సినిమాయే వద్దంటుంటే దానికి సిఫారిష్ ఏమిటని. వాళ్ళ మాటను నేను తేలిగ్గా తీసుకోను. సినిమా చూడని ఇళ్ళు మనలో ఉన్నాయి, వాళ్ళకు పూర్తి ఇజ్జత్ ఇవ్వాలి. కానీ ఫోన్ వచ్చిన ప్రతి ఇంట్లోకీ సినిమా వచ్చేసింది. ఒకటి అయిపోగానే ఫోన్ తనంతట తానే ఇంకోటి తెచ్చి పెడుతుంది. దానికి మన పిల్లాడి వయసు తెలియదు, ఇంటి హాల్ తెలియదు, ఎక్కడ 'కానీ' అనాలో అసలే తెలియదు. ఆ చోటులో ఒక ఆపా, ఒక మాము కూర్చుంటే పిల్లాడికే మేలు.

ఇంకో మాట. ఇంట్లో రోజూ సినిమాలు, సీరియళ్ళు ఎక్కువ చూసేది ఆడవాళ్ళు. సినిమాల మీద ఫైసలా చెప్పేది మాత్రం మగవాళ్ళు. ఆటోనగర్ నుంచి వచ్చి ఫోన్‌లో నాలుగు ముక్కలు చదివి "అది చెత్త సినిమా" అనేస్తాం. మధ్యాహ్నం పూర్తిగా చూసిన బేగం ఏమందో అడగం. చూసినవాళ్ళే గవాహీ ఇవ్వాలన్నప్పుడు, మన ఇళ్ళలో మొదటి గవాహ్ ఆమే.

వచ్చే ఈద్‌కు పక్కింటికి షీర్ ఖుర్మా పంపేటప్పుడు ఒక సినిమా పేరు కూడా చెప్పి పంపండి. మీరు చూసినది, మీకెందుకు నచ్చిందో ఒక్క ముక్కలో చెప్పగలిగినది. దసరాకు వాళ్ళు జమ్మి ఆకు చేతిలో పెట్టడానికి వచ్చినప్పుడు, వాళ్ళ దగ్గర ఒక పేరు అడిగి తీసుకోండి.