తరుగుతో పాటు దుమ్ము లెక్క కూడా అడుగుదాం

యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రానికి చేరినప్పటి నుంచి తేమ 17 శాతానికి దిగేదాకా ఆ కుప్పల కాడ ఏం జరుగుతుందో మన సభ్యులకు చెప్పనక్కర్లేదు. ఎండబోయాలి, తిరగదోలాలి, తాలు పోయేదాకా తూర్పార పట్టాలి. తాలు ఉందంటే మిల్లు కాడ తరుగు తీస్తారు కాబట్టి ఫ్యాన్ల ముందు ఆడవాళ్లు పొద్దంతా నిలబడతారు. తరుగు మీద మనం ధర్నాలు చేశాం. ఆ దుమ్ము ఎవరి ఛాతీలోకి పోతున్నదో మన వినతిపత్రాల్లో మాత్రం రాయలేదు. అది మన లోపమే.

దమ్ము (ఆస్తమా) ఉన్నవాళ్లకు ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. దుమ్ము, కొయ్యకాళ్ల పొగ తగలగానే గొట్టాలు బిగుసుకుంటాయి, పిల్లికూతలు మొదలవుతాయి. రాత్రి నిద్ర ఉండదు. అప్పుడు ఊర్లో దొరికేది సూది, గోళీ. తెల్లారేసరికి నిమ్మళమవుతుంది, అందుకే వాటి మీద అంత నమ్మకం. వాటిల్లో చాలాసార్లు ఉండేది స్టెరాయిడే. ప్రాణం మీదికి వచ్చినప్పుడు డాక్టరు కొద్దిరోజులు ఇస్తే అది మందే. నెలల తరబడి మింగితే షుగర్ పెరుగుతుంది, బొక్కలు గుల్లబారతాయి, కళ్లలో శుక్లాలొస్తాయి. అదే జాతి మందు పంపులో పీలిస్తే మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా గొట్టాలకు చేరుతుంది. అయినా మనవాళ్లు పంపుకే భయపడతారు, సూదికి కాదు!

పంపుల్లోనూ తేడా ఉంది. సాల్బుటమాల్ గొట్టాలను విప్పుతుంది, వాపును తగ్గించదు. వాపుకు బుడెసొనైడ్ లాంటిది కావాలి, ఆయాసం లేని రోజున కూడా డాక్టరు చెప్పినట్టు వాడాలి, పీల్చాక నోరు పుక్కిలించాలి. ఒక్క సాల్బుటమాల్‌తోనే నెట్టుకురావద్దని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఎక్కువ మోతాదు పంపును సరైన పద్ధతిలో రోజూ వాడినా అదుపులోకి రానిదే తీవ్రమైన ఆస్తమా. వాళ్లకు ఒమాలిజుమాబ్, మెపోలిజుమాబ్ లాంటి ఇంజెక్షన్లున్నాయి, కూలి చేసుకునేవాళ్లు కొనే ధర కాదు. కానీ తీవ్రమని పేరుపడ్డ వాళ్లలో అసలు రోజువారీ పంపే అందనివాళ్లు, పీల్చే తీరు ఎవరూ నేర్పనివాళ్లు, దుమ్ములోనే పనిచేస్తున్నవాళ్లు ఎందరో ముందు చూడాలి. ఊదుడు పరీక్ష చేస్తేనే అది ఆస్తమానా, పొగ వల్ల వచ్చిన వేరే జబ్బా తెలుస్తుంది.

కొనుగోళ్లు ముగిసే వేళకే మృగశిర కార్తె వస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో కొర్రమీను నోట్లో వేయించుకోవడానికి మనవాళ్లూ బస్సెక్కుతారు. పోయేవాళ్లను వెక్కిరించను, దగ్గర్లో దిక్కు దొరకనివాడు దూరం పోతాడు. కానీ దాంతో ఆస్తమా నయమవుతుందని రుజువు కాలేదు. పోయినా సరే, పంపు మాత్రం ఆపొద్దు. మాట పూర్తిగా పలకలేనంత ఆయాసమొస్తే, పెదాలు నీలంగా మారితే 108కి ఫోన్ చేయాలి, తెల్లారనీ అనొద్దు.

కేంద్రం 2022లో సవరించిన అత్యావశ్యక మందుల జాబితాలో బుడెసొనైడ్, సాల్బుటమాల్ రెండూ ఉన్నాయి. 2023లో కరీంనగర్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. కాబట్టి వచ్చే సీజన్‌కు ముందే కలెక్టర్‌కు ఇచ్చే పత్రంలో తరుగు పక్కనే ఇవీ రాద్దాం: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రెండు పంపులూ ఏడాదంతా ఉండాలి, మండలానికొకచోట ఊదుడు పరీక్ష జరగాలి, కేంద్రాల్లో ఫ్యాన్లను గాలివాటు చూసి మనుషులకు దూరంగా పెట్టాలి, హమాలీలకు, తూర్పార పట్టే ఆడవాళ్లకు మంచి మాస్కులు సర్కారే ఇవ్వాలి. తీవ్ర ఆస్తమా ఇంజెక్షన్లు పెద్ద దవాఖానలో ఉచితంగా దొరకాలి. ఈ నెల గ్రామ కమిటీలు దమ్ముతో బాధపడే సభ్యుల జాబితా రాసి పంపితే ఆ పత్రానికి బలం వస్తుంది.