నయమయ్యాక కూడా వెలేనా?

2017లో వచ్చిన ‘ది క్యూర్డ్’ అనే ఐరిష్ సినిమా, మిగతా జాంబీ సినిమాలు ముగిసే చోట మొదలవుతుంది. మనుషుల్ని పీక్కుతినేలా చేసిన వైరస్‌కు మందు దొరికింది. సోకినవారిలో నూటికి డెబ్బై అయిదు మందికి నయమైంది. ఇక వాళ్లు ఇళ్లకు తిరిగి రావాలి. దర్శకుడు డేవిడ్ ఫ్రేన్ ఇక్కడొక మెలిక పెట్టాడు. జాంబీలుగా ఉన్నప్పుడు చేసిన ఘోరాలన్నీ నయమైనవాళ్లకు గుర్తుంటాయి. అవతల ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలకూ గుర్తుంటాయి. ఒకప్పుడు లాయరుగా వెలిగినవాడి చేతికి ఇప్పుడు చీపురిస్తారు. చూస్తున్న మనకు ఎటు మొగ్గాలో తోచదు, ఎందుకంటే ఆ జనం భయంలో కొంత న్యాయం ఉంది. కానీ ఎవరికీ ఏ హానీ చేయని మనుషుల్ని, జబ్బు పూర్తిగా తగ్గాక కూడా, దశాబ్దాలుగా ఊరి బయట ఉంచిన సమాజం మనది. ఆ సినిమా జనానికున్న సాకు కూడా మనకు లేదు. కుష్ఠు నుంచి బయటపడ్డవారి సంగతి చెబుతున్నాను.

ఈ వివక్షకు కారణం జనం అజ్ఞానమేనని, గోడల మీద నినాదాలు రాస్తే పోతుందని అనుకోవడం ప్రభుత్వాలకు సుఖం. అజ్ఞానం ఉన్నమాట నిజమే. కానీ దానికి ముద్ర వేసి, సెక్షన్ నంబరిచ్చి, ఏళ్ల తరబడి కాపాడింది చట్టం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో, నయంకాని కుష్ఠు భార్యాభర్తలు విడాకులు కోరడానికి ఒక కారణంగా ఉండేది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫార్సు చేసింది. రిఫాంపిసిన్, డాప్సోన్, క్లొఫాజిమైన్ కలిపి, జబ్బు తీవ్రతను బట్టి ఆరు నెలలో ఏడాదో వాడితే చాలు. 1983 నుంచి మన జాతీయ కార్యక్రమం కింద ఆ మందులు ఊళ్లకు చేరడం మొదలైంది. అయినా విడాకుల సెక్షన్ 2019 దాకా కదల్లేదు. ఒక ప్రభుత్వ శాఖ ‘ఇది నయమవుతుంది’ అని ఉచితంగా మాత్రలు పంచుతుంటే, అదే ప్రభుత్వపు చట్టం ముప్పై ఆరేళ్ల పాటు అందుకు విరుద్ధంగా మాట్లాడింది. ఏఎన్ఎం మాటకన్నా కోర్టు కాగితానికే విలువెక్కువని జనం అనుకుంటే తప్పెవరిది?

విడాకుల సెక్షన్ ఒక్కటే కాదు. 1898 నాటి లెపర్స్ యాక్ట్ 2016లో గానీ రద్దు కాలేదు. ఒడిశాలో కుష్ఠు కారణంగా మునిసిపల్ పదవికి అనర్హుడైన వ్యక్తి సుప్రీంకోర్టు దాకా వెళితే, 2008లో కోర్టు ఆ అనర్హతనే సమర్థించింది. ఇలాంటి నిబంధనలను ఏరివేయాలని లా కమిషన్ 2015లో తన 256వ నివేదికలో చెప్పింది. నాలుగేళ్ల తర్వాత పార్లమెంటు అయిదు వ్యక్తిగత చట్టాలను సవరించింది. రాష్ట్రాల చట్టాల్లో మిగిలినవాటి మీద సుప్రీంకోర్టు ఈమధ్య కూడా ప్రభుత్వాలను అడుగుతూనే ఉంది.

‘చట్టానికేం, జనానికి అంటుకుంటుందన్న భయం ఉండదా’ అనేవారున్నారు. భయం సహజమే, ఒప్పుకుంటాను. కానీ ఈ జబ్బు తేలిగ్గా అంటుకునేది కాదు. నూటికి తొంభై అయిదు మందికి పైగా సహజంగానే తట్టుకుంటారు. మందు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రోగి నుంచి మరొకరికి సోకే అవకాశం పోతుంది, జబ్బు తిరగబెట్టడమూ అరుదు. అయితే ఈ లెక్కలతో వాదన గెలవదు. జనం చూసేది క్రిమిని కాదు, వంకర తిరిగిన వేళ్లను. మందు క్రిమిని చంపుతుంది గానీ చచ్చిన నరాన్ని బతికించలేదు. పాదానికి స్పర్శ లేకపోతే చెప్పులోకి దూరిన రాయీ తెలియదు, ఎండకు కాలిన తారురోడ్డు వేడీ తెలియదు. పుండు పడి, కట్టు కట్టే తీరిక లేక ముదురుతుంది. అది కుష్ఠు కాదు, షుగరు ముదిరినవారి కాలికి పడే పుండు లాంటిదే. షుగరు పుండుకు సానుభూతి, దీనికి వెలి! పాదాన్ని కాపాడేందుకు ఇచ్చే మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు సైతం, చూడగానే ఫలానావారివని గుర్తుపట్టేలా ఉండటంతో, మరో ముద్రగా మారాయి. కొందరు ఆ చెప్పులు వదిలేసి పుండునే ఎంచుకున్నారంటే ఆశ్చర్యం లేదు.

‘వాళ్ల కాలనీల్లో వాళ్లు హాయిగానే ఉన్నారు కదా, ఎందుకు కదిలించడం’ అన్నది రెండో అభ్యంతరం. పైకి దయగా వినిపించే ఈ మాట మీదే నాకు ఎక్కువ అనుమానం. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ అనే డాక్టరమ్మ కుష్ఠు ఆస్పత్రి నడిపిన రోజుల్లో మందుగా చేతిలో ఉన్నది చాల్‌మూగ్రా నూనె ఒక్కటే. అప్పుడు రోగులను విడిగా ఉంచడానికి వైద్యపరంగా ఏదో ఒక కారణం చెప్పుకోగలిగేవారు. ఇవాళ దేశంలో ఏడు వందలకు పైగా ఉన్న కాలనీలకు ఆ కారణం లేదు. అవి పొమ్మన్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్నవి. హవాయిలోని కలావుపాపా ద్వీపకల్పంలో 1969లో కుష్ఠు రోగుల నిర్బంధం ఎత్తేశాక కూడా కొందరు అక్కడే ఉండిపోయారు. తలుపు తెరిచాక ఉండిపోవడం నిర్ణయం. తలుపే లేని చోట ఉండటాన్ని హాయి అనకూడదు. పైగా ఆ కాలనీల్లో పుట్టిన పిల్లల్లో చాలామందికి ఈ జబ్బు ఎన్నడూ లేదు. వాళ్లు అద్దె ఇల్లు అడిగినా, పెళ్లి సంబంధం చూసుకున్నా చిరునామా అడ్డం వస్తుంది.

చట్టం మారినంత మాత్రాన మనసులు మారతాయా అన్నది అసలైన ప్రశ్న. దీనికి జపాన్‌లో ఘాటైన జవాబు ఉంది. రోగులను జీవితాంతం శానిటోరియంలలో ఉంచిన చట్టాన్ని ఆ దేశం 1996లో గానీ రద్దు చేయలేదు. 2001లో కుమమోతో జిల్లా కోర్టు ఆ విధానం రాజ్యాంగ విరుద్ధమంది. ప్రధాని కొయిజుమి అప్పీలుకు వెళ్లకుండా క్షమాపణ చెప్పారు. అంతా సర్దుకుందనుకుంటే పొరపాటే. 2003లో అదే కుమమోతోలోని ఒక వేడినీటి బుగ్గల హోటల్, నయమైన పెద్దవారికి గదులు ఇవ్వనంది. హోటల్ చెప్పిన సంజాయిషీని వారు ఒప్పుకోకపోయేసరికి తిట్లతో నిండిన ఉత్తరాలు వారికే కుప్పలుగా వచ్చాయి. ఇన్నాళ్లూ జాలిపడ్డ జనానికి, వారు హక్కు అడిగేసరికి కోపం వచ్చింది. చట్టం రద్దయిన ఏడేళ్లకు జరిగింది ఇది.

అయినా చట్టం వృథా అని దీన్నిబట్టి అనలేం. ఆ గొడవలో గవర్నర్ హోటల్ పేరు బయటపెట్టారు, హోటల్ మీద చర్య తీసుకున్నారు. 2019లో రోగుల కుటుంబాలకూ పరిహారం ఇవ్వాలని కోర్టు తీర్పిస్తే, ప్రభుత్వం మళ్లీ అప్పీలు లేకుండా ఒప్పుకుంది. మనసులు ఎప్పుడు మారతాయో చట్టం చెప్పలేదు. సిగ్గుపడాల్సింది ఎవరో మాత్రం చెప్పగలదు. వెలికి గురైన మనిషా, గది లేదన్న హోటలా? మన దగ్గర ఇంకా ఆ సిగ్గు నయమైనవాడి మీదే ఉంది. ‘నాకు జబ్బు లేదు’ అని కాగితం చూపించాల్సింది అతనే, గది ఎందుకు ఇవ్వడో చెప్పాల్సిన పని యజమానికి లేదు.

2005 డిసెంబరులో దేశం ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును నిర్మూలించినట్లు ప్రకటించుకుంది. ఇప్పటికీ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు నమోదవుతున్నాయి, ప్రపంచం మొత్తంలో సగానికి పైగా ఇక్కడే. బయటపడితే బతుకు పోతుందన్న భయమే జబ్బుకు తొలి గుర్తయిన ఒంటి మీది మచ్చను దాచిపెట్టిస్తుంది. దాచిన ప్రతి మచ్చా, మందుతో సరిపోయేదాన్ని వంకర వేళ్ల దాకా తెస్తుంది. అందుకే రెండు తెలుగు రాష్ట్ర ప్రభుత్వాలూ పంచాయతీ, పురపాలక, రవాణా, సహకార చట్టాలన్నీ వెతికి, ఎక్కడెక్కడ ఈ జబ్బు పేరుతో అనర్హత ఉందో, ఏది తీసేశారో, ఏది మిగిలిందో జాబితా వేసి శాసనసభ ముందు పెట్టాలి.