సైకిలెక్కమంటున్నాం.. మరి దారేదీ?

గోదావరి జిల్లాల్లో ఒక ఇంటికి నాలుగు డబ్బులు చేరాయంటే మొదట మూలన పడేది సైకిలే. కొడుక్కి ఉద్యోగం రాగానే తండ్రికి స్కూటరు వస్తుంది. అప్పటిదాకా సైకిలు మీద వెళ్లిన పాలకేంద్రానికి, పొలానికి, చివరికి వీధి మలుపులో ఉన్న కిరాణా కొట్టుకు కూడా ఆయన బండి మీదే వెళ్తారు. కొన్నేళ్లకు షుగరు రిపోర్టు పట్టుకుని మా ప్రభుత్వాసుపత్రి ఓపీ లైన్లో నిలబడతారు. ‘రోజూ అరగంట నడవండి’ అంటే, ‘ఆయ్, అలాగేనండి’ అంటారు. పది రోజులు నడుస్తారు. తర్వాత కోతలనో, పెళ్లిళ్లనో, వాననో ఆపేస్తారు.

వాళ్లను తప్పుపట్టలేం. పని మానుకుని చేసే వ్యాయామం ఎక్కువ కాలం నిలవదు. పనిలోనే కలిసిపోయిన వ్యాయామం నిలుస్తుంది. అందుకే ఓపీలో నేను అడిగే ప్రశ్న ఇది: ‘రోజూ ఎక్కడికి వెళ్తారు? ఎంత దూరం?’ చాలామంది మూడు, నాలుగు కిలోమీటర్లంటారు. అది సైకిలు దూరం.

అయితే అదే ఆసుపత్రిలో క్యాజువాలిటీ కూడా ఉంటుంది. చీకటి పడ్డాక వెనక నుంచి ఏ బండో గుద్దేసిన సైకిలు మనుషులు అక్కడికి వస్తుంటారు. చాలామందికి ఆ ఇంట్లో సంపాదన వాళ్లదే. ఓపీలో సైకిలెక్కమని చెప్పే డాక్టరు, క్యాజువాలిటీలో చూసేదాన్ని దాచకూడదు. నా అభిప్రాయం ఇది. సైకిలు మన ఒంటికి మంచిది. మన రోడ్డు మాత్రం సైకిలుకు మంచిగా లేదు. కాబట్టి ఎక్కాలి, చూసుకుని ఎక్కాలి, రోడ్డు బాగుచేయమని అడగాలి కూడా.

లెక్క మీరే వేయండి

పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మామూలు సైకిలు మీద నింపాదిగా తొక్కినా గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు పోవచ్చు. అంటే నాలుగు కిలోమీటర్లకు 16 నుంచి 20 నిమిషాలు. రానూపోనూ అరగంట పైనే. వారానికి ఐదు రోజులు వెళ్తే ఆ 150 నిమిషాలు దాటినట్టే. దీనికోసం తెల్లవారుజామున లేవక్కర్లేదు, జిమ్ముకు కట్టక్కర్లేదు. బండి మీద వెళ్లినా ఆ దూరానికి ఓ పది నిమిషాలు పడుతుంది. మీరు అదనంగా ఇచ్చేది పూటకు ఏ పది నిమిషాలో.

మన దేశం లెక్కలూ ఉన్నాయి. లక్నో, నాగ్‌పుర్, హైదరాబాద్, బెంగళూరు ఫ్యాక్టరీల్లో పనిచేసేవారిని, వాళ్ల కుటుంబాలను, పల్లెల్లో ఉండిపోయిన తోబుట్టువులను కలిపి చూసిన అధ్యయనం ఒకటి 2013లో ‘ప్లాస్ మెడిసిన్’ పత్రికలో వచ్చింది. పల్లెల్లో పనికి వెళ్లేవారిలో మూడింట రెండొంతుల మంది సైకిలు మీదే వెళ్తుంటే, పట్నాల్లో సుమారు ఆరుగురికి ఒక్కరు. సొంత బండి మీద వెళ్లేవారితో పోలిస్తే సైకిలు మీద వెళ్లేవారిలో బీపీ ముప్పు దాదాపు సగం, షుగరు ముప్పు సుమారు మూడో వంతు తక్కువగా కనిపించింది. బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా పరిశీలించి 2017లో ప్రచురించిన మరో అధ్యయనంలో, సైకిలు మీద పనికి వెళ్లేవారిలో గుండెజబ్బులు 46 శాతం తక్కువగా ఉన్నాయి.

ఈ తేడా అంతా సైకిలు వల్లే అని ఈ అధ్యయనాలు తేల్చలేవు. సైకిలు తొక్కేవాళ్ల తిండి, ఇతర అలవాట్లు కూడా వేరుగా ఉండొచ్చు. కానీ ఒంట్లో జరిగేది మాత్రం మాకు తెలుసు. తొడ, పిక్క కండరాలు పనిచేసేటప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాక్కుంటాయి. తొక్కడం ఆపాక కూడా ఒకరోజు దాకా ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తుంది. అందుకే ఆదివారం రెండు గంటలు తొక్కేదానికన్నా రోజూ అరగంట తొక్కడం మేలు.

తప్పక తొక్కేవారు, తొక్కగలిగీ మానేసినవారు

సైకిలుకు మన నేలంత అనువైన చోటు అరుదు. గుట్టల్లేవు, ఎత్తుపల్లాల్లేవు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి. కాలువ ఉన్నచోట గట్టు ఉంది, గట్టు మీద దారి ఉంది. చాలాచోట్ల చెట్ల నీడ కూడా ఉంది.

ఇప్పుడు ఆ దారుల్లో సైకిలు తొక్కుతున్నదెవరు? కడియం నర్సరీల్లో పనికి వెళ్లే కూలీలు, కోనసీమలో కొబ్బరి దింపు తీసేవాళ్లు, భీమవరం వైపు చెరువుల కాపలావాళ్లు, తెల్లారకముందే పేపరు వేసే కుర్రాళ్లు. కోటిపల్లి రేవులోనో, నరసాపురం రేవులోనో పంటి మీద సైకిలు ఎక్కించుకుని అవతలి ఒడ్డుకు పనికి వెళ్లేవాళ్లు. వీళ్లు ఆరోగ్యం కోసం తొక్కడం లేదు. వేరే దారి లేక తొక్కుతున్నారు. వేరే దారి ఉన్నవాళ్లు మానేశారు. మానేసినవాళ్లు ఓపీలో ఎక్కువగా కనిపిస్తారు. తొక్కేవాళ్లు క్యాజువాలిటీలో కనిపిస్తారు. ఈ రెండూ తగ్గాలి.

ఆడపిల్లల సంగతీ అంతే. కొన్నేళ్ల కిందట ‘బడికొస్తా’ పేరుతో మన ప్రభుత్వ బడుల్లో బాలికలకు సైకిళ్లిచ్చారు. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలమంది మహిళలు సైకిలు నేర్చుకున్నారు. మన ఊళ్లలో మాత్రం బడి అయిపోగానే ‘ఇంకా సైకిలేంటమ్మా’ అంటూ పిల్లను దించేస్తాం. నలభై దాటాక ఆ అమ్మాయికే థైరాయిడ్, బరువు, మోకాళ్లు అంటూ మందులు రాయించుకుంటాం. వచ్చిన విద్యను మాన్పించకండి.

ఏ దారి? ఏ వేళ?

దగ్గర దారి, మంచి దారి ఒకటే కానక్కర్లేదు. 16వ నంబరు, 216వ నంబరు జాతీయ రహదారుల అంచున తొక్కడం కన్నా, ఒక కిలోమీటరు ఎక్కువైనా ఊళ్ల మీదుగా వెళ్లండి. ఆ అదనపు ఐదు నిమిషాలూ మీ వ్యాయామంలోనే జమ. తప్పనిసరై హైవే వెంట వెళ్లాల్సివస్తే సర్వీసు రోడ్డు ఉన్నంత మేరా దాని మీదే ఉండండి. ఎదురు వైపున మాత్రం తొక్కకండి.

కాలువ గట్టు పగలు మంచి దారే. చీకట్లో కాదు. పిట్టగోడ లేని గట్టు మీద ఎదురుగా లైట్ల వెలుగు కళ్లలో కొడితే అంచు కనపడదు. పొద్దుగూకితే వీధి దీపాలున్న దారి పట్టండి. 1974లో మొదలైన రాజమహేంద్రవరం - కొవ్వూరు రోడ్డు కం రైలు వంతెన మీద రోజూ దాటేవారికి ఇంకో మాట. నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవు, సైకిలుకు వేరే వరస లేదు, పైగా నది గాలి. గాలి పక్కనుంచి కొడుతున్నప్పుడు హ్యాండిల్‌కు సంచులు తగిలించుకోకండి. బరువంతా క్యారియర్ మీదే కట్టండి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదకొండు నుంచి నాలుగు మధ్య తొక్కొద్దు. మన దగ్గర ఎండతోపాటు ఉక్క ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు. ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవారికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. సీసాలో నీళ్లు పెట్టుకోండి. తొక్కేవారెవరైనా మాట తడబడి, ఒళ్లు కాలిపోతూ కనిపిస్తే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

తాగి సైకిలు తొక్కితే పోలీసులు పట్టుకోకపోవచ్చు. కాలువ పట్టుకుంటుంది.

సీటు, లైటు, తలకాయ

సీటు పెంచుకోండి: మనవాళ్లు రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటు బాగా కిందికి దించుతారు. దానివల్లే మోకాలి చిప్ప ముందు నొప్పి. సీటు మీద కూర్చుని, పెడల్ కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు దాదాపు తిన్నగా సాగాలి. తొక్కేటప్పుడు మడమతో కాకుండా ముందు పాదంతో తొక్కండి. మోకాళ్ల అరుగుదల ఉన్నవారికి నడక కన్నా ఇదే సుఖం. ఒంటి బరువు సీటు మోస్తుంది.

గాలి చూడండి: ‘సైకిలు తొక్కితే ఆయాసం వస్తోందండీ’ అనేవారిలో కొందరికి ఆయాసం గుండెది కాదు, టైరుది. రెండు వారాలకోసారి గాలి కొట్టించండి. మన చదును నేలకు గేర్ల సైకిలు అక్కర్లేదు. మడ్‌గార్డులు, చైను కవరు, క్యారియర్, స్టాండు ఉన్న మామూలు సైకిలు చాలు. పంచె, చీర, చున్నీ చైన్లో పడకుండా ఆ కవరే కాపాడుతుంది. వెనక పిల్లలను కూర్చోబెట్టేవారు చక్రానికి గార్డు వేయించండి. చువ్వల్లో పడి చీరుకుపోయిన పసివాళ్ల మడమలకు కుట్లు వేయడం చాలా కష్టమైన పని.

కనపడండి: ఒకప్పుడు రాత్రిపూట డైనమో లైటు లేని సైకిలును పోలీసులు ఆపేవారు. ఇప్పుడు ఎవరూ అడగరు. రోడ్డు మీద వేగాలు మాత్రం అప్పటికన్నా ఎన్నో రెట్లు పెరిగాయి. నేను చూసే సైకిలు ప్రమాదాల్లో ‘కనపడలేదండీ’ అనే మాట లేనిది తక్కువ. వెనక ఎర్ర లైటు, మడ్‌గార్డుకు మెరిసే స్టిక్కరు, లేత రంగు చొక్కా. ఒక పూట టిఫిను ఖర్చుకు అటూఇటూగా అయ్యే పని ఇది.

తలను కాపాడుకోండి: సైకిలుకు హెల్మెట్ పెట్టుకోమని చట్టం అడగదు. కానీ సైకిలు ప్రమాదాల్లో తలకు దెబ్బ తగిలే ముప్పును హెల్మెట్ సుమారు సగానికి తగ్గిస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. విరిగిన కాలు అతుకుతుంది. మెదడు అలా అతకదు.

వీళ్లు ముందు డాక్టర్ని అడగాలి

గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, బీపీ 180/110 దాటినవారు, మూర్ఛ ఉన్నవారు, తరచూ కళ్లు తిరిగేవారు తమంతట తాముగా మొదలుపెట్టకూడదు. శుక్లాలు ఉన్నవారు ఆపరేషన్ అయ్యేదాకా సంజెవేళ, రాత్రి తొక్కొద్దు. ఎదురు లైట్ల వెలుగులో వాళ్లకు రోడ్డే కనపడదు.

ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవారికి దారిలో షుగరు పడిపోవచ్చు. ఖాళీ కడుపుతో బయల్దేరకండి. తొక్కబోయే ముందు తొడకు ఇన్సులిన్ వేసుకోకండి, త్వరగా ఒంట్లోకి ఎక్కేస్తుంది. జేబులో నాలుగు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోండి. చేతులు వణికి, చెమట పట్టి, కళ్లు మసకబారితే దిగి ముందు అది నోట్లో వేసుకోండి. తొక్కేటప్పుడు ఛాతీ బరువెక్కి, దిగితే తగ్గుతుంటే దాన్ని గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకోవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి.

మీ చేతిలో లేనివి

ఇన్ని జాగ్రత్తలు చెప్పి, ఇక భారమంతా తొక్కేవాడిదే అంటే అన్యాయం. ఎర్ర లైటు పెట్టుకున్న మనిషి కూడా గుంత తప్పించబోయి లారీ కింద పడొచ్చు. కోతల కాలంలో మన రోడ్లు చూడండి. సగం రోడ్డు మీద ధాన్యం, దాని అంచున రాళ్లు. సైకిలు మనిషి నడిరోడ్డు మీదికి రావాల్సిందే. రాత్రయితే ఆ రాళ్లే తగిలి పడతాడు. ఆరబోసే రైతు బాధ కూడా నిజమే, ఆయనకు కళ్లం లేదు. కళ్లం కట్టించడం వ్యవసాయం పనే కాదు, ఆరోగ్యం పని కూడా.

నెదర్లాండ్స్ కూడా మనలాంటి డెల్టా దేశమే. చదును నేల, కాలువలు, గట్లు. అక్కడా కార్లు పెరిగి సైకిళ్లు తగ్గిపోయాయి. 1971లో ఒక్క ఏడాదే రోడ్ల మీద మూడు వేల మందికి పైగా చనిపోయారు. అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు. ఆ తర్వాతే సైకిళ్లకు వేరే దారులు పడ్డాయి. ఇప్పుడక్కడ జనం చేసే ప్రయాణాల్లో నాలుగో వంతుకు పైగా సైకిలు మీదే. అది వాళ్ల రక్తంలో ఉన్న గుణమేమీ కాదు. అడిగి తెచ్చుకున్నారు.

మనం అడగాల్సింది అంతకన్నా చిన్నది. బడి దగ్గర, కాలువ వంతెనల దగ్గర దీపాలు. లోతైన కాలువ గట్లకు పిట్టగోడ. రోడ్డు అంచున గట్టి మట్టి, తుప్పలు లేకుండా. ఆసుపత్రిలో, బస్టాండులో, కలెక్టరేటులో సైకిలు నిలుపుకోవడానికి నీడ. కొత్త రోడ్డు వేసేటప్పుడు పక్కన ఒక మీటరున్నర సైకిలుకు. గ్రామసభలో ఈ మాట ఎత్తడానికి డాక్టరు అక్కర్లేదు.

ఈలోగా మీరు చేయగలిగింది ఉంది. వచ్చే సోమవారం నుంచి నాలుగు కిలోమీటర్ల లోపు పని ఒక్కటి ఎంచుకోండి. మూలనున్న సైకిలును పంచరు షాపుకు తీసుకెళ్లి గాలి కొట్టించి, బ్రేకు రబ్బర్లు మార్పించి, సీటు పెంచి, వెనక లైటు పెట్టించండి. మీరు బండి మీదో, కారులోనో వెళ్లేవారైతే, ముందున్న సైకిలుకు ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి దాటండి. ఆ సైకిలు మీద ఉన్నాయనకు ఇంటికి వెళ్లడానికి వేరే దారి ఉండకపోవచ్చు.