బాలబాలికల మెదడు - బడిచదువు

పాఠశాలలు తెరచు దినములలో ప్రతి గృహమునందును ఒక ప్రశ్న పుట్టుచుండును. కుమారునకు ఏ చదువు, కుమార్తెకు ఏ చదువు అని తల్లిదండ్రులు తర్కించుకొందురు. పదవ తరగతి దాటిన పిల్లవానిని ఎంపీసీకిని, పిల్లను బైపీసీకిని పంపుట ఉభయ తెలుగు రాష్ట్రములలో పెక్కు కుటుంబములకు వాడుకయైనది. కారణ మడిగినచో లెక్కలు మగపిల్లల తలకెక్కుననియు, ఆడపిల్లలకు వల్లెవేయు పాఠములే నప్పుననియు సమాధానము వచ్చును. పూర్వ మిట్టి మాటలకు ఆచారము ప్రమాణముగ నుండెడిది. ఇప్పుడు శాస్త్రమే ప్రమాణ మనుచున్నారు. బాలురకును బాలికలకును మెదడు పుట్టుకతోనే వేరువిధముగ నేర్పడినదనియు, కావున తరగతిలో వారికి వేర్వేరు పద్ధతుల బోధింపవలెననియు ప్రచారము సాగుచున్నది. ఈ ప్రచారములో సత్య మెంత, అసత్య మెంత యని నేడు విచారింపబూనితిమి. ఏలయన, దీనిపై లక్షలకొలది బాలికల భవితవ్యము ఆధారపడియున్నది. బాలుర క్షేమమును ఆధారపడియున్నది.

శాస్త్రము పేర స్త్రీవిద్యకు అడ్డుచెప్పుట క్రొత్త గాదు. 1873లో అమెరికాలోని బోస్టన్ నగరమున ఎడ్వర్డ్ క్లార్క్ అను వైద్యుడు ఒక గ్రంథమును ప్రకటించి, యుక్తవయస్సున బాలురతో సమముగ చదివినచో బాలికల దేహమునకును, సంతానశక్తికిని హాని గలుగునని వాదించెను. 1887లో ఇంగ్లండునందు జార్జి రోమేన్స్ అను జీవశాస్త్రజ్ఞుడు స్త్రీ మెదడు పురుషుని మెదడుకంటె సగటున అయిదు ఔన్సులు తక్కువ తూగుననియు, ఆ మేరకు బుద్ధియు తక్కువగ నుండునని యెదురుచూడవచ్చుననియు వ్రాసెను. తూకమే బుద్ధికి కొలత యగునేని ఏనుగును, తిమింగలమును మనకు ఉపాధ్యాయులు కావలసి యుండును. 1914లో లీటా హాలింగ్‌వర్త్ అను విదుషి న్యూయార్కు నగరమున కొందరు స్త్రీల పనితనమును నెలల తరబడి పరీక్షించి, నెలసరి దినములలో వారి బుద్ధి మందగించునను నమ్మకమునకు ఆధారము లేదని చూపెను. పండితుల వాదము లొక్కొక్కటియే పడిపోయినవి. వాని నీడ మాత్రము గృహములను విడువలేదు.

ఈ వాదములు సాగుచున్న కాలమున మన దేశపుస్థితి యేమి? 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికల పాఠశాలను స్థాపించిరి. 1901 జనాభా లెక్కలనాటికి దేశమున వేయిమంది స్త్రీలలో అక్షరజ్ఞానము గలవారు పదిమందియైనను లేరు. పురుషులలో వేయికి తొంబదిమందికి పైగా నుండిరి. 1951లో పురుషులలో నూటికి 27 మందియు, స్త్రీలలో నూటికి 9 మందియు మాత్రమే చదువను వ్రాయను నేర్చినవారు. కాలువనీరు పారిన మడిని, చుక్కనీరెరుగని మెట్టను ప్రక్కప్రక్కన నిలిపి, పంట తక్కువైనది నేలదోషమే యని తీర్పుచెప్పు రైతు మన గ్రామములలో ఎవ్వడును లేడు. పొలము విషయమున మనకు గల ఈ వివేకము బిడ్డల విషయమున ఏల లోపింపవలెను?

ఇక నేటి శాస్త్రము చెప్పునదేమో చూతము. భేదములు బొత్తిగ లేవని మేము చెప్పుట లేదు. పురుషుల మెదడు స్త్రీల మెదడుకంటె సగటున పదియవవంతు పెద్దది. దేహము పెద్దదగుటయే ఇందులకు ముఖ్యకారణము. బాలికలు బాలురకంటె ఒకటి రెండేండ్లు ముందుగ యౌవనమున ప్రవేశింతురు. మెదడు పెరుగుదలయు వారియందు కొంత ముందుగనే పూర్ణత నందును. కాని ఈ భేదములనుండి వీరు ఈ పాఠమునకు తగుదురు, వారు తగరు అను నిర్ణయము వెలువడదు. 2015లో డాఫ్నా జోయెల్ అను ఇజ్రాయేలు శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును 1,400 మందికి పైగా మనుష్యుల మెదళ్ల చిత్రములను పరిశీలించిరి. అన్ని భాగములును పురుషలక్షణములతోనో, అన్ని భాగములును స్త్రీలక్షణములతోనో నుండు మెదడు మిక్కిలి అరుదని వారు కనుగొనిరి. ప్రతి మెదడును పలురంగుల నూలుతో నేసిన బట్టవంటిది. పడుగు చూచి పురుషునిదనియు, పేక చూచి స్త్రీదనియు చెప్పరాదు.

తరగతిగదిలోని ఫలితములను చూచినను ఇట్లే యున్నది. 2008లో జానెట్ హైడ్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో గూడి అమెరికాలో రెండవ తరగతి మొదలు పదునొకండవ తరగతి వరకు చదువు 70 లక్షల మందికి పైగా విద్యార్థుల గణితపరీక్షల ఫలితములను పరిశోధించెను. బాలబాలికల సగటులమధ్య లెక్కింపదగిన భేదమే కానరాలేదు. ఇచట చదువరులు ఒక విషయమును గుర్తింపవలెను. ఇద్దరు బాలురమధ్య నుండు అంతరము సగటు బాలునకును సగటు బాలికకును నడుమ నుండు అంతరముకంటె ఎన్నో రెట్లు పెద్దది. కావున పిల్లవాడా, పిల్లయా యని మాత్రమే తెలిసికొన్న ఉపాధ్యాయునకు ఆ బిడ్డ బుద్ధినిగూర్చి తెలిసినది దాదాపు శూన్యము.

సగటుమాట అటుంచి, మిక్కిలి మేధావులలో బాలురే యధికు లందురా? 1980 దశకపు తొలినాళ్లలో అమెరికాలో పదమూడేండ్లలోపు పిల్లలకు పెద్దవారి గణితపరీక్ష పెట్టగా, అత్యున్నతమైన మార్కులు పొందినవారిలో బాలిక ఒకతె కాగా బాలురు పదమువ్వురుండిరి. ప్రకృతియే యిట్లు నిర్ణయించినదని నాడు పలువురు తలంచిరి. 1990 దశకమునాటికి ఆ పదమువ్వురు నలుగురైరి. ఆపిమ్మట పెద్దగ మార్పు రాలేదనుటయు సత్యమే. కాని పదునైదేండ్లలో పదమూడు నాలుగైనదన్నచో అంతలో మెదడు మారిపోయినదని యెవరును చెప్పజాలరు. మారినవి బడి, ఇల్లు, పెద్దల ఆశలు.

ఇంతకంటె మనకు దగ్గరి నిదర్శనము ఈశాన్యభారతమున గలదు. అచట ఖాసీజాతియందు ఆస్తి కడగొట్టు కుమార్తెకు సంక్రమించును. వారి పొరుగున నున్న కార్బీజాతియందు ఆస్తి కుమారులకు చెందును. ఈ రెండు జాతులును ఇంచుమించు ఒకేవిధమగు జీవనము గలవి. 2011లో ప్రకటితమైన యొక పరిశోధనలో ఉభయజాతులనుండి సుమారు 1,300 మందికి నాలుగు ముక్కలుగల యొక బొమ్మను సరిగా పేర్చు పరీక్ష పెట్టిరి. కార్బీలలో పురుషులు స్త్రీలకంటె చాల త్వరగా పేర్చిరి. ఖాసీలలో స్త్రీపురుషులకు భేదమే లేకపోయెను. చదువు సమానమైనకొలదియు ఈ యంతరము తగ్గుచున్నదనియు ఆ పరిశోధకులు గ్రహించిరి. మెదడు భేదమని మనము పిలుచుదానిలో కొంతభాగము దస్తావేజులలోను, పట్టాలలోను వ్రాయబడియున్నది. భూములుగల గృహస్థులు ఈ విషయమును ప్రత్యేకముగ యోచింపవలెను.

మెదడు భేదమును నమ్మి బోధనాపద్ధతులనే మార్చినవారి యనుభవ మెట్టిది? 2006లో అమెరికా ప్రభుత్వము ప్రభుత్వపాఠశాలలలో బాలబాలికలకు వేర్వేరు తరగతులు నడుపుటకు నిబంధనలను సడలించినది. బాలుర తరగతిలో ఉపాధ్యాయుడు బిగ్గరగ మాటాడవలెననియు, బాలికల తరగతిలో మృదువుగ పలుకవలెననియు బోధించు గ్రంథములు వెలువడినవి. 2011లో డయాన్ హాల్పెర్న్ మొదలగు ఎనమండుగురు శాస్త్రజ్ఞులు సైన్స్ పత్రికలో వీనిని ఖండించుచు, ఇది శాస్త్రాభాసమనియు, ఇట్టి విభజనవలన చదువు మెరుగుపడినట్లు సరియైన నిదర్శనము లేదనియు వ్రాసిరి. 2014లో 21 దేశములకు చెందిన 16 లక్షల మంది విద్యార్థుల ఫలితములను క్రోడీకరించి చూడగా, మేలైన పరిశోధనలలో వేర్పాటువలన చెప్పుకొనదగిన లాభము గానరాలేదు. బాలికలకు ప్రత్యేక పాఠశాలలే వలదని దీనికి అర్థము గాదు. దూరపుగ్రామములనుండి వచ్చు బాలికలకు వసతియు భద్రతయు గూర్చుటకై 2004లో ప్రారంభమైన కస్తూర్బాగాంధీ బాలికావిద్యాలయములవంటి సంస్థలు అవసరములే. అవి బాలికకు బడిని దగ్గర చేయుటకు ఏర్పడినవి. ఆమె బుద్ధి వేరుజాతిదని చెప్పుటకు గాదు.

ఇచట ఈ వాదములోని పక్షపాతము నొకదానిని చూపెదము. 2018లో జరిగిన పీసా యను అంతర్జాతీయపరీక్షలో పాల్గొన్న ప్రతిదేశమునందును చదివి గ్రహించు శక్తిలో బాలికలే బాలురను మించిరి. గణితమున అభివృద్ధిచెందిన దేశముల సగటులో బాలురు కొలదిగ ముందుండిరి. పఠనములోని అంతరము దానికంటె పలురెట్లు పెద్దది. మన పదవతరగతి ఫలితములు వెలువడునపుడును బాలికలదే పైచేయి యను వార్త ఏటేట అచ్చగుచున్నది. అంతమాత్రమున మగపిల్లల మెదడు చదువుటకు తగదనియు, వానిచేతిలోని పుస్తకమును తీసివేసి పొలమునకు పంపుద మనియు ఏ తండ్రియు ననడు. వానికి ట్యూషను పెట్టించును. వెనుకబడిన కుమారునకు సాయమును, వెనుకబడిన కుమార్తెకు ప్రకృతిశాసనమును ప్రాప్తించుచున్నవి. ఈ రెండు తూనికరాళ్లు ఏ న్యాయమునకు ఒప్పును?

బాలురకును ఈ సిద్ధాంతము మేలు చేయదు. అక్షరములు కూడబలుకుటలో నిజముగ చిక్కుపడు పిల్లలలోను, కుదురుగ కూర్చుండజాలని పిల్లలలోను బాలుర సంఖ్య యధికము. ఇట్టివానికి ఓపికతో, ప్రత్యేకశ్రద్ధతో చదువు నేర్పవలెను. మగపిల్లలింతే యని నవ్వి విడిచినచో వాని జీవితము చెడును. ఇదే చిక్కు గల బాలిక నోరుమెదపక మూల కూర్చుండును. ఇది మగపిల్లల జాడ్యమను తలంపువలన ఆమెను ఎవరును గుర్తింపకపోదురు. రెండువిధములను నష్టపడునది బిడ్డయే.

ఈ ప్రశ్నను మన పెద్దలు ఆరు దశాబ్దులకు పూర్వమే విచారించిరి. 1958లో మన ఆంధ్రమహిళ దుర్గాబాయి దేశముఖ్ అధ్యక్షతన స్త్రీవిద్యపై జాతీయసంఘ మేర్పడినది. తరువాత బాలబాలికలకు పాఠ్యక్రమము వేరుగ నుండవలెనా యను విషయమును ప్రత్యేకముగ పరిశీలించుటకు 1962లో హంసా మెహతా అధ్యక్షతన మరియొక సంఘము నియమింపబడినది. స్త్రీపురుషభేదమునుబట్టి పాఠ్యవిషయములను వేరుచేయరాదని ఆ సంఘము సిఫారసు చేసినది. 1966నాటి కొఠారీ కమిషను నివేదిక దానిని బలపరచినది. శాసనము అనుకూలముగనే యున్నది. అయినను ఐ.ఐ.టి.లలో బాలికల సంఖ్య అత్యల్పమగుటచేత 2018 మొదలు వారికై అదనపు సీట్లను కల్పింపవలసివచ్చినది. గ్రామములందు ప్రభుత్వపాఠశాలలలో బాలికలపాలును, రుసుముచెల్లించు పాఠశాలలలో బాలురపాలును హెచ్చుగ నున్నవని విద్యాపరిశీలనలు చూపుచున్నవి. ఒకేయింట ఒకేతల్లికి పుట్టిన బిడ్డలను రెండు బళ్లకు పంపుట మెదడును పరీక్షించి చేసిన నిర్ణయమా? ఒకరికి పెట్టినది తిరిగివచ్చుననియు, ఒకరికి పెట్టినది అత్తవారింటికి పోవుననియు వేసిన లెక్క గదా?

కావున మేము గృహస్థులకు చేయు విజ్ఞప్తి యిది. ఇంటరులో శాఖ నిర్ణయించుటకు ముందు బిడ్డ మార్కులను చూడుడు, అభిరుచి నడుగుడు, ఉపాధ్యాయుని సంప్రతింపుడు. ఆడా, మగా యను ప్రశ్నను ఆ లెక్కలోనికి రానీయకుడు. కుమారునకు వెచ్చించుదానిని కుమార్తెకును వెచ్చింపుడు. ఉపాధ్యాయులు నల్లబల్లయొద్దకు లెక్కచేయ పిలుచునపుడు బాలికలను, పాఠము చదివింపునపుడు బాలురను మరువకుందురు గాక. పాఠశాలాధికారులు ప్రతి బడిలోను శుభ్రమైన మరుగుదొడ్లను, నీటిని సమకూర్తురు గాక. నెలసరి దినములలో బాలిక బడి మానుటకు కారణము అవి లేకుండుటయే గాని ఆమె మెదడు గాదు. మెదడునుగూర్చి శాస్త్రము ఇంకను కనుగొనవలసినది చాల గలదు. అది కనుగొనులోపల ఏ బిడ్డ యెంతవరకు ఎదుగగలదో ముందుగనే గిరిగీయు నధికారము మనకు లేదు. ఇరువురకును ఒక్కతీరున నీరు కట్టుదము. ఆ పిమ్మట పంటనుబట్టి మాటాడుదము.