ఆ మార్కుల మెమో వెనక ఎవరున్నారు?

"ఫెయిలైందక్కా. ఇగ సదువెందుకు? ఏదన్న సంబంధముంటే చెప్పు."

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో సిద్దిపేటలో బీడీలు చుట్టే వాడకట్టుల్లో కూర్చున్నా, కోమటిచెరువు కట్ట మీద సాయంత్రం నడకకొచ్చిన ఆడవాళ్ళతో రెండడుగులు వేసినా ఈ మాట ఏదో ఒక రూపంలో చెవిన పడుతుంది. కొడుకు తప్పితే "సప్లిమెంటరీ రాస్తడు తియ్" అంటాం. కూతురు తప్పితే పెళ్ళి మాట ఎత్తుతాం. అన్ని ఇళ్ళలోనూ ఇలాగే ఉందని కాదు. కానీ ఉన్న ఇళ్ళు తక్కువేం కాదు. మన పక్కింట్లోనే ఉండొచ్చు. మన ఇంట్లోనే ఉండొచ్చు.

అంటే అదే మార్కుల కాగితం అబ్బాయికి ఒక రకంగా, అమ్మాయికి మరో రకంగా పనిచేస్తోందన్నమాట. మరి ఆ కాగితం రాసేదెవరు? ఎమ్మార్వో ఎవరో, రేషను డీలరు ఎవరో మనకు తెలుసు. పిల్ల బతుకును అటో ఇటో తిప్పే ఇంటర్మీడియట్ బోర్డు గురించి మాత్రం, అది హైదరాబాదులో నాంపల్లి దగ్గర ఉందన్నంత వరకే మన ఎరుక.

దాని కథ మరీ పాతదేం కాదు. మన అమ్మల కాలంలో పదో పదకొండో అయ్యాక పి.యు.సి. ఉండేది. ఒక్క ఏడాది చదువు, పరీక్ష పెట్టేది యూనివర్సిటీ. 1969-70లో దాని స్థానంలో రెండేళ్ళ ఇంటర్మీడియట్ వచ్చింది. అప్పుడు రాష్ట్ర విద్యామంత్రి పి.వి. నరసింహారావు. తెలంగాణలో ఉద్యమంతో బడులూ కాలేజీలూ మూతపడిన రోజులు కూడా అవే. 1971లో చట్టం చేసి ఇంటర్ బోర్డును ఏర్పాటు చేశారు. పరీక్ష యూనివర్సిటీ చేతిలోంచి బోర్డు చేతికి వచ్చింది. చాలా ఊళ్ళలో పెద్ద హైస్కూళ్ళే జూనియర్ కాలేజీలయ్యాయి. మగపిల్లల సంగతేమోగానీ, ఆడపిల్లలకిది పెద్ద మేలు. పట్నంలో హాస్టలంటే పంపని తండ్రి, బస్సులో పోయి పొద్దూకేసరికి ఇంటికొచ్చే కాలేజీ అంటే ఒప్పుకున్నాడు.

2014లో రాష్ట్రం రెండయ్యాక బోర్డూ రెండయింది. తెలంగాణ బోర్డు పేరు ముందు మొదట 'టీఎస్' ఉండేది, 2024లో 'టీజీ' అయింది. అక్షరాలు మారినంత సులువుగా పద్ధతులు మారవు.

బోర్డుకు అధ్యక్షస్థానం విద్యామంత్రిది. రోజువారీ పని నడిపేది కార్యదర్శి, చాలాసార్లు ఐ.ఏ.ఎస్. అధికారి. మంత్రికి నూరు పనులు. అధికారికి ఎప్పుడు బదిలీ వస్తుందో తెలియదు. మార్చిలో పరీక్ష పెట్టినాయన మరుసటి మార్చికి వేరే శాఖలో ఉంటే, నిరుడు జరిగిన తప్పు గురించి ఎవరిని అడగాలి? ఇంటి తాళాలు రోజుకొకరి చేతిలో ఉంటే పోయిన గిన్నెకు జవాబు చెప్పేదెవరు?

2019 ఏప్రిల్ 18 గుర్తుందా? ఆ రోజు వచ్చిన ఇంటర్ ఫలితాల్లో పరీక్ష రాసిన పిల్లలకు 'ఆబ్సెంట్' అని పడింది. తెలుగులో 99 రావలసిన ఒక అమ్మాయికి సున్నా వేశారు. ఫలితాల లెక్కల పని ఒక ప్రైవేటు కంప్యూటర్ సంస్థకు అప్పగించారు. నాంపల్లి బోర్డు గేటు ముందు తల్లులు, తండ్రులు ఎండలో నిలబడ్డారు. ఆ రోజుల్లోనే ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది, పొరపాట్లు జరిగాయని కమిటీ చెప్పింది. ఫెయిలైన మూడు లక్షల మందికి పైగా పిల్లల పేపర్లను, రూపాయి తీసుకోకుండా మళ్ళీ చూశారు. అందులో 1,137 మంది పాసైనట్టు తేలింది.

లక్షల్లో వెయ్యెంత అని కొందరన్నారు. పెళ్ళిచూపులకు చీర కట్టించిన ఇంట్లో కూర్చుని ఆ మాట అనమనండి చూద్దాం. ఆ 1,137 మందిలో ఎందరు అమ్మాయిలో, అప్పటికే ఎందరి చదువు ఆగిపోయిందో ఏ మెమోలోనూ రాయరు.

అదే ఏడాది సెప్టెంబరులో సబితా ఇంద్రారెడ్డి విద్యామంత్రి అయ్యారు. అంటే బోర్డు పెద్ద కుర్చీలో ఒక మహిళ కూర్చున్నారు. ఆమె హయాంలోనే కరోనా వచ్చింది. 2021 అక్టోబరులో పెట్టిన మొదటి సంవత్సరం పరీక్షల ఫలితాలు డిసెంబరులో వస్తే, పాసైంది 49 శాతమే. అమ్మాయిలు 56, అబ్బాయిలు 42. ఫోను లేక ఆన్‌లైన్ పాఠం వినలేని పిల్లలు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్న చేతిలో ఉన్న చెల్లెళ్ళు కూడా అందులో ఉన్నారు. గొడవ ముదిరాక, తప్పినవారందరికీ కనీస మార్కులు 35 వేసి పాస్ చేశారు. తల్లులు ఊపిరి పీల్చుకున్నారు, నిజమే. కానీ ముందే ఆలోచించి పెట్టవలసిన పరీక్షను, పిల్లలు ఏడ్చాక సర్దడం ఏం పాలన? కుర్చీలో ఆడమనిషి ఉన్నంత మాత్రాన ఈ పద్ధతి మారలేదని చెప్పక తప్పదు.

మన పిల్లలకు చదువు రాదా అంటే, 2022 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రం మొత్తం 90 శాతం పాసైతే సిద్దిపేట జిల్లా 97.85 శాతంతో అందరికన్నా ముందు నిలిచింది. పదో తరగతి పరీక్షలు చూసే విభాగం వేరు, ఇంటర్ బోర్డు వేరు. పిల్లలు మాత్రం ఆ పిల్లలే.

అందుకే మేము అడిగేది ఒక్కటి. 2019లో గొడవయ్యాక చేసినది ఏటా ఎందుకు చేయకూడదు? ఫెయిలైన పేపర్లను ఉచితంగా మళ్ళీ చూడాలి. 2025లో మార్కులు మళ్ళీ కూడడానికి పేపరుకు వంద రూపాయలు, జవాబు పత్రం నకలు ఇచ్చి తిరిగి పరిశీలించడానికి ఆరు వందలు తీసుకున్నారు. రెండు సబ్జెక్టులు తప్పితే పన్నెండు వందలు. బీడీలు చుట్టే తల్లికి అది రోజుల కూలి. అబ్బాయి కోసమైతే అప్పు చేసైనా కడుతుందేమో. అమ్మాయి కోసం కడుతుందా? మార్కు తప్పు పడితే అది బోర్డు తప్పు. వెతికించుకునే ఖర్చు తల్లిదా?

బోర్డు వినేదాకా మన చేతిలో ఉన్నదొకటుంది. మళ్ళీ కూడించుకోవడానికీ, పరిశీలనకూ గడువు ఫలితాలొచ్చాక కొద్ది రోజులే ఉంటుంది. ఏడుపుల్లో, చుట్టాల ఓదార్పుల్లో ఆ రోజులు ఇట్టే గడిచిపోతాయి. కాబట్టి ఆ సాయంత్రమే హాల్‌టికెట్ నంబరు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మర్నాడు పొద్దున్నే బిడ్డను వెంటబెట్టుకుని కాలేజీకి పోయి ప్రిన్సిపాల్‌ను చివరి తేదీ అడగండి. తనకు బాగా రాశానన్న నమ్మకం ఏ సబ్జెక్టులో ఉందో బిడ్డనే చెప్పనివ్వండి. దానికే డబ్బు కట్టండి. సంబంధం తెచ్చిన చుట్టానికి, సప్లిమెంటరీ ఫలితాలొచ్చాక రమ్మని చెప్పండి.