పంపు విప్పే ముందు పరీక్ష, పరీక్షకు కూలి

లారీ ఓనర్లకు, డ్రైవరన్నలకు, ఆటోనగర్ మేస్త్రీలకు విజ్ఞప్తి.

పాత లారీ హైవే మీద ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. ఓనరుకు ఫోన్ వెళ్తుంది, దగ్గర్లోని షెడ్డు నుంచి మెకానిక్ వస్తాడు, డీజిల్ పంపు పోయిందంటాడు. పంపు ఆటోనగర్‌కు, బండి రోడ్డు పక్కకు. ఖర్చులో కొంత డ్రైవరు బత్తాలో కోత. ఈ పద్ధతి మారాలి.

2017 ఏప్రిల్‌కు ముందు అమ్మిన బీఎస్-3 లారీల్లో చాలావాటికి ఉన్నది మెకానికల్ పంపే. స్కానర్ పెట్టే పని లేదు. సెల్ఫ్ గట్టిగా తిప్పుతోందంటే ముందుగా చూడాల్సింది ట్యాంకు నుంచి నాజిల్ దాకా డీజిల్ దారి.

ముందు ట్యాంకు మూత. దానికి గాలి పీల్చే సన్నటి రంధ్రం ఉంటుంది. దుమ్మూ జిడ్డూ పట్టి అది మూసుకుపోతే, డీజిల్ తగ్గిన చోటికి గాలి చేరదు. ఇక ఫీడ్ పంపు ఎంత లాగినా చమురు రాదు. మూత తిప్పగానే సుయ్‌మని గాలి లోపలికి పోతే దొంగ దొరికినట్టే. సన్నటి తీగతో పొడిస్తే సరి, పైసా ఖర్చుండదు.

స్టాప్ కేబుల్ ఇరుక్కుందేమో చూడండి. తర్వాత ఫిల్టర్ మీది గాలి స్క్రూ వదులు చేసి హ్యాండ్ పంపు కొట్టండి. బుడగలు పోయి నిండుధార వస్తే గాలి తీసినట్టే. ఎంతకీ బుడగలు ఆగకపోతే ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఎక్కడో గాలి లాగుతోంది. పగిలిన రబ్బరు పైపో, అరిగిన రాగి వాషరో అయి ఉంటుంది. ఇంజిన్ నడిచేటప్పుడు అక్కడ గాలి లోపలికి పోతుందే తప్ప డీజిల్ బయటికి కారదు. అందుకే కంటికి కనబడదు, నింద పంపు మీద పడుతుంది. హ్యాండ్ పంపు కొట్టినా చుక్క రాకపోతే ట్యాంకులోని జాలి చూడాలి. ఫిల్టర్ అడుగున నీళ్లున్నాయేమో కూడా. ఇవన్నీ సరిగ్గా ఉండి, నాజిల్ పైపుల నట్లు వదులు చేసి సెల్ఫ్ కొట్టినా డీజిల్ రాకపోతే, అప్పుడు పంపును అనుమానించడం న్యాయం.

మేస్త్రీలకు ఇదంతా తెలియక కాదు. మనం సామానుకు డబ్బిస్తాం, తెలివికి ఇవ్వం. గంటసేపు వెతికి మూత రంధ్రం శుభ్రం చేసినవాడికి టీ తాగించి పంపేస్తాం. ఇక ఆ మనిషి సామాను మార్చకుండా ఎలా బతుకుతాడు? కాబట్టి ఓనర్ల సంఘాలు పరీక్షకు విడిగా కూలి నిర్ణయించాలి. మెకానిక్ తాను చూసినవన్నీ బిల్లు మీద రాయాలి, మార్చిన పాత సామాను తిరిగివ్వాలి. డ్రైవరు తప్పు రుజువు కానిదే బత్తా ముట్టకూడదు.

ప్రతి క్యాబిన్‌లో పానాలు, రాగి వాషర్లు, ఒక ఫిల్టరు, రెండు మెరిసే త్రికోణాలు ఉంచాలి. డ్రైవరన్నా, చీకట్లో ఆగిన లారీని వెనక వచ్చేవాడు చూడలేడు. పానా పట్టే ముందు త్రికోణాలు దూరంగా పెట్టు. జాతీయ రహదారి అయితే 1033కు ఫోన్ చెయ్యి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో పరీక్ష కూలి మీద తీర్మానం పెట్టించండి. ఈ కాగితం మీ షెడ్డు గోడకూ, క్యాబిన్ తలుపుకూ అంటించండి.

— కొందరు లారీ డ్రైవర్లు, మెకానిక్‌లు