నల్లగండ్లకు ఒక లైబ్రేరియన్ కావాలి

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని నల్లగండ్లలో సొంత ఇల్లున్న ప్రతివారూ గ్రంథాలయ పన్ను కడుతున్నారు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున కలిసే ఈ సెస్సును చాలామంది గమనించరు. దీనికి ఆధారం 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం. అంతకు ఐదేళ్ల ముందే, 1955లో, హైదరాబాద్ రాష్ట్రం సొంతంగా ఇలాంటి చట్టం చేసుకుంది. చదువుకునే అవకాశం ఏ దాత దయ మీదా ఆధారపడకూడదని, జనం కట్టిన పన్నుతోనే జనం గ్రంథాలయం నడవాలని ఆనాటి పెద్దలు అనుకున్నారు.

చెరువు చుట్టూ పొలాలున్న ఊరు ఇప్పుడు టవర్ల ఊరైంది. టవర్లు లేచినకొద్దీ సెస్సూ పెరుగుతోంది. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు రాష్ట్రమంతటా ఏళ్లుగా వినిపిస్తున్నదే. ఆ లెక్క తేలాలి. కానీ బకాయిలన్నీ రేపే చేతికొచ్చాయనుకుందాం. వాటితో ఏం చేస్తాం? అద్దాల భవనం కట్టి, నాలుగు కంప్యూటర్లు పెట్టి, రిబ్బన్ కత్తిరించి ఆధునికీకరణ పూర్తయిందంటే నేను ఒప్పుకోను. గ్రంథాలయాన్ని కొత్తది చేసేవి రెండే: బీరువాలో ఏ పుస్తకాలున్నాయన్నది, బల్ల వెనక ఎవరున్నారన్నది.

ముందు పుస్తకాల సంగతి. నల్లగండ్లలో చదవాల్సింది ఎవరు? మొదట పిల్లలు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం బడుల్లో తెలుగు తప్పనిసరి. అయినా ఇంగ్లిష్ మీడియం పిల్లలు చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, కథ చెబితే ఊ కొడతారు, కానీ నాలుగు వాక్యాలు గుక్కతిప్పుకోకుండా చదవలేరు. పాఠ్యపుస్తకం పరీక్ష గట్టెక్కిస్తుందేమో గానీ చదవడంలో రుచి పుట్టించదు. వాళ్లకు కావలసింది పెద్ద అక్షరాలు, మంచి బొమ్మలు, తక్కువ మాటలున్న పుస్తకాలు. 'మంచి పుస్తకం' లాంటి తెలుగు ప్రచురణ సంస్థలు అలాంటివి తెస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో ఉచితంగా చదువుకోగల తెలుగు కథలున్నాయి. శాఖా గ్రంథాలయాల కొనుగోలు జాబితాల్లో ఇలాంటివాటికి మొదటి వరుస దక్కాలి.

తర్వాత పెద్దవాళ్లు. మనవలను చూసుకోవడానికి ఖమ్మం నుంచో, కరీంనగర్ నుంచో, గుంటూరు నుంచో వచ్చి పన్నెండో అంతస్తులో పగలంతా ఒంటరిగా గడిపే అమ్మమ్మలు, తాతయ్యలు. ఊళ్లో వారపత్రికలు, నవలలు చదివిన తరం అది. ఇప్పుడు చూపు ఆనదు. పెద్ద అక్షరాల ముద్రణలు, వినే పుస్తకాలు వాళ్లకు మళ్లీ చదువును తెచ్చిస్తాయి.

ఆ టవర్లు కట్టిన చేతుల మాటేమిటి? పాలమూరు నుంచి, ఒడిశా, బిహార్, బెంగాల్‌ల నుంచి వచ్చిన కూలీలు, వాళ్ల పిల్లలు ఈ కారిడార్‌లోనే బతుకుతున్నారు. గేటెడ్ కమ్యూనిటీ క్లబ్ హౌస్‌లోని చిన్న లైబ్రరీ గేటు లోపలి వాళ్లదే. గేటు బయట ఉన్నవాళ్లకు పౌర గ్రంథాలయం తప్ప వేరే దిక్కు లేదు. అందుకే అక్కడ హిందీ, ఒడియా, బెంగాలీ, ఉర్దూ పుస్తకాలు ఒక్క బీరువాడైనా ఉండాలి.

ఇక పోటీ పరీక్షల అభ్యర్థులు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ దొరకడమే గగనం. అక్కడికి వచ్చేవారిలో చాలామందికి కావలసింది లైబ్రరీ పుస్తకం కాదు. సొంత పుస్తకం పెట్టుకోవడానికి బల్ల, దీపం, ఫ్యాను, మరుగుదొడ్డి. అది న్యాయమైన అవసరమే, తీర్చవలసిందే. కానీ ఆ ఒక్క అవసరమే గ్రంథాలయం మొత్తాన్ని ఆక్రమిస్తే పిల్లలకు, పెద్దలకు చోటుండదు. 2010లో చెన్నై కొట్టూర్పురంలో తెరిచిన అణ్ణా శతజయంతి గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవారికి వేరే విభాగం, పిల్లలకు వేరే విభాగం, చూపు లేనివారికి బ్రెయిలీ విభాగం ఏర్పాటు చేశారు. మనకూ సాధ్యమే.

కొత్తవి రావాలంటే పాతవి కొన్ని పోవాలి. సిలబస్ మారిపోయిన గైడ్లు, కాలం చెల్లిన కంప్యూటర్ పుస్తకాలు, ఎవరూ ముట్టని నకళ్లు బీరువాల్లో చోటు తింటాయి. వాటిని తీసేయాలంటే ఉద్యోగికి భయం. రిజిస్టర్‌లో ఉన్న పుస్తకం బీరువాలో లేకపోతే జవాబు చెప్పాల్సింది తనే కదా! అయితే ఏరివేత పేరుతో 1940ల నాటి అరుదైన తెలుగు పుస్తకం తూకానికి పోయే ప్రమాదమూ ఉంది. ఏది చెత్తో, ఏది నిధో తెలిసిన మనిషి, తీసేసే అధికారమిచ్చే స్పష్టమైన నిబంధన రెండూ కలిస్తేనే ఈ పని జరుగుతుంది.

డిజిటల్ చేస్తే సరిపోతుందనేవారికి మన పక్కనే ఉన్న అనుభవం చెబుతాను. కొత్త శతాబ్ది మొదట్లో, ట్యూరింగ్ పురస్కారం అందుకున్న తెలుగువాడు రాజ్ రెడ్డి ప్రేరణతో మొదలైన పది లక్షల పుస్తకాల పథకానికి గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఒక పెద్ద కేంద్రమైంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. ఇది చరిత్రలో నిలిచే సేవ. ఆ వెబ్‌సైట్ తర్వాత మూతపడినా చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. దొరకడం మాత్రం తేలిక కాదు. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో తప్పుల తడకగా ఎక్కాయి. తెలుగులో టైపు చేసి వెతికితే చాలా పుస్తకాలు పలకవు. స్కానర్ తన పని చేసింది. లోటు పడింది సూచిక రాసే చేయి. రచయిత పేరు, ప్రచురణ సంవత్సరం, విషయం తెలుగులో సరిగ్గా రాయగల గ్రంథపాలకులు ఆ పక్కన తగినంతమంది ఉండి ఉంటే, నల్లగండ్లలో కూర్చున్న పిల్లవాడు తన ముత్తాత చదివిన పుస్తకాన్ని నిమిషంలో అందుకునేవాడు.

అందుకే నా వాదన చివరికి మనిషి దగ్గరికి వస్తుంది. చాలా శాఖా గ్రంథాలయాల్లో తాళం తీయడం, పత్రికలు సర్దడం, పుస్తకం ఇవ్వడం, రిజిస్టర్ రాయడం, మళ్లీ తాళం వేయడం అన్నీ ఒక్కరే. ఏళ్ల తరబడి నియామకాలు లేక ఒకే లైబ్రేరియన్ రెండు మూడు శాఖలకు ఇన్‌చార్జిగా తిరిగే ఊళ్లున్నాయి. ఆ స్థితిలో ఉన్నవారిని చూసి కొత్తగా ఏమీ చేయరని నిందించడం అన్యాయం.

నియామకాలతో పాటు శిక్షణా కావాలి. గ్రంథాలయం విలువ, గ్రంథపాలకుడి శిక్షణ విలువ మన పెద్దలకు బాగా తెలుసు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయాన్ని స్థాపించి నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు నిలువనీడ కల్పించారు. అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో 1914లో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1920లోనే గ్రంథపాలకులకు శిక్షణ తరగతులు నడిపింది. పాతూరి నాగభూషణం 1935లో గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి పడవ మీద పుస్తకాలు కాలువ గట్టు ఊళ్లకు పంపారు. డబ్బు లేని కాలంలో, పరాయి పాలనలో చేసిన పనులివి. పాఠకుడు రాకపోతే పుస్తకమే పాఠకుడి దగ్గరికి వెళ్లాలన్న పట్టుదల వాళ్లది.

ఇప్పటి లైబ్రేరియన్‌కు ఏం నేర్పాలి? యూనికోడ్ తెలుగులో కేటలాగు రాయడం, కోహా లాంటి ఉచిత గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ నడపడం, పిల్లలను కూర్చోబెట్టి కథ చదివి వినిపించడం. ఫోన్‌కు వచ్చిన లింకు మోసమా నిజమా అని అడిగే పెద్దాయనకు ఓపికగా చూపించడం. కృత్రిమ మేధ ఇచ్చిన జవాబును పుస్తకంతో సరిపోల్చి చూసుకోవడం విద్యార్థికి అలవాటు చేయడం. చూపు లేని పాఠకుడికి వినే పుస్తకం తెరిచి ఇవ్వడం. ఇవన్నీ నేర్పగల సంస్థలు మన చుట్టూనే ఉన్నాయి. నల్లగండ్లను ఆనుకుని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం గ్రంథాలయం ఉంది. జూబ్లీహిల్స్‌లో లైబ్రరీ సైన్స్ కోర్సులు నడిపే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ ఉంది. ఏడాదికి రెండు వారాల జీతంతో కూడిన శిక్షణ, నేర్చుకున్నవారికి పదోన్నతి ఇస్తామంటే ఎందుకు రారు?

పొరుగున కర్ణాటక చేసి చూపింది. 2019లో అక్కడి గ్రామీణ గ్రంథాలయాలు, ఐదు వేలకు పైగా, పంచాయతీరాజ్ శాఖ కిందికి వచ్చాయి. 2020 నవంబరులో పిల్లలకు ఉచిత సభ్యత్వమిచ్చే కార్యక్రమం మొదలైంది. గ్రంథాలయాలను చూసుకునేవారికి శిక్షణ దక్కింది, గోడలకు రంగులు పడ్డాయి, పిల్లలు వచ్చారు. పల్లెల్లో కుదిరిన పని సైబరాబాద్‌లో కుదరదనడానికి కారణం కనిపించదు.

ప్రభుత్వాన్ని నేను అడిగేవి మూడు. ఖాళీగా ఉన్న లైబ్రేరియన్ పోస్టులు భర్తీ చేయాలి. పుస్తకాల కొనుగోలు సొమ్ములో ఒక వంతు శాఖా గ్రంథపాలకుడి ఎంపికకు, పాఠకుల కోరికకు వదలాలి. రాష్ట్ర స్థాయి జాబితా ఎంత మంచిదైనా నల్లగండ్ల పిల్లవాడి అవసరం దానికి తెలియదు. ఐటీ కారిడార్‌లోని గ్రంథాలయాలు రాత్రిపూట, ఆదివారాల్లో తెరిచి ఉండాలి, అందుకు తగినంత సిబ్బంది ఉండాలి. పగలంతా పనిచేసేవారికి పగటి గ్రంథాలయం ఉన్నా లేనట్టే.

నల్లగండ్ల వాసులను అడిగేది ఒక్కటే. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి ఆ వారంలో మీ అపార్ట్‌మెంట్ సంఘం తరఫున జిల్లా గ్రంథాలయ సంస్థకు, మీ శాసనసభ్యుడికి ఒక అర్జీ రాయండి. మీ వీధిలోని పనివాళ్ల సంతకాలూ అందులో పెట్టించండి. భవనం అడగడానికి ముందు లైబ్రేరియన్‌ను అడగండి. మంచి లైబ్రేరియన్ ఉంటే అద్దె గదిలోనైనా గ్రంథాలయం నడుస్తుంది. లైబ్రేరియన్ లేకపోతే ఎంత పెద్ద భవనమైనా గోదామే అవుతుంది.